సుడి చూసి కొన్న ఎద్దు, ముద్ర చూసి కొన్న దుర్భిణి

మక్క చేను పాలకంకి మీదికి వచ్చిందంటే సిద్దిపేట జిల్లాలో గుట్టల అంచున సేద్యం చేసే రైతుకు నిద్ర కరువే. హుస్నాబాద్, అక్కన్నపేట, కోహెడ మండలాల్లో అడవిని ఆనుకుని ఉన్న ఊళ్లలో ఒక్క రాత్రి కావలి తప్పితే చాలు, అడవి పందుల మంద తెల్లారేసరికి సగం చేను పడగొట్టి పోతుంది. మంచె మీద కూర్చుని డబ్బా కొట్టినా, పటాకులు కాల్చినా, టార్చిలైటు తిప్పినా అవి నాలుగు రోజులకే అలవాటు పడతాయి. విసిగిపోయి చేను చుట్టూ కరెంటు తీగ కడితే పందికన్నా ముందు పక్క చేను మనిషి, కొన్నిసార్లు కట్టిన రైతే ప్రాణం పోగొట్టుకుంటున్నాడు. అలాంటప్పుడు చీకట్లో చూసే దుర్భిణి ఒకటి ఉంటే బాగుండునని రైతు అనుకోవడంలో తప్పేమీ లేదు. పంది ఏ మూల నుంచి దిగుతున్నదో ముందే తెలిస్తే ఆ మూలకే పోయి అదిలించవచ్చు, తీగ అవసరమే రాదు. కొత్తది కొనే స్థోమత అందరికీ ఉండదు కాబట్టి చూపు సెకండ్ హ్యాండ్ మీదికి పోతుంది. సరిగ్గా ఇక్కడే అమ్మేవాడూ కొనేవాడూ కలిసి నమ్మే మాట ఒకటి అడ్డం వస్తున్నది: మిలిటరీది అయితే ఎంత పాతదైనా ఫరవాలేదు, థర్డ్ జనరేషన్ అని ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చు, ఇప్పుడు వచ్చే, కెమెరాలా పనిచేసే డిజిటల్‌వి పిల్లల ఆటబొమ్మలు. ఈ మూడూ తప్పే. మూడింటికీ వేరు ఒక్కటే. వాడిన కొద్దీ అరిగిపోయే వస్తువును దాని ముద్ర చూసి తూకం వేయడమే ఆ వేరు.

అంగడిలో ఎద్దును బేరం చేసేవాడికి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర లేదు. సుడులు చూసి మురిసిపోయేవాళ్లు ఉంటారు, కానీ అనుభవం ఉన్న రైతు మూతి పట్టి పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, వీలైతే కాడి కట్టి చూస్తాడు. సుడి పుట్టుకతో వచ్చింది, ఎద్దు ముసలిదైనా చెరగదు. నైట్ విజన్ పరికరం మీద ఉండే మిలిటరీ ముద్ర, జనరేషన్ అంకె కూడా అలాంటివే. అవి దాని పుట్టుకను చెబుతాయి, ఈ రోజు దాని చూపు ఎంతో చెప్పవు. లోపల ఉన్న అసలు వస్తువు గాలి తీసేసి మూసిన ఒక గాజు ట్యూబు. దాని ముందు వైపు లోపలి గోడకు ఫోటోకేథోడ్ అనే సన్నని పూత ఉంటుంది. దాని మీద రవ్వంత వెలుతురు పడితే ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. వేల వోల్టుల ఒత్తిడి వాటిని వెనక ఉన్న ఫాస్ఫర్ తెర మీదికి విసురుతుంది, అక్కడ ఆకుపచ్చ బొమ్మ కనబడుతుంది. ఆ పూత శాశ్వతం కాదు. వాడిన ప్రతి గంటా, పొరపాటున పడిన ప్రతి పగటి వెలుతురూ, ఏళ్లు గడిచేకొద్దీ ట్యూబు లోపల పుట్టే రవ్వంత వాయువూ దాన్ని తింటూనే ఉంటాయి. తయారీదారులు మామూలుగా చెప్పే లెక్క ప్రకారం ఫస్ట్ జనరేషన్ ట్యూబు ఆయుష్షు వెయ్యి, రెండు వేల గంటలు. థర్డ్ జనరేషన్‌ది సుమారు 10,000 గంటలు. రాత్రికి ఆరు గంటల కావలి అనుకుంటే వెయ్యి గంటలంటే నూట అరవై ఏడు రాత్రులు. పాత యజమాని ఎన్ని రాత్రులు వాడాడో ఏ ముద్రా చెప్పదు.

ఇక జనరేషన్ సంగతి. ఈ లెక్క అమెరికా సైన్యం నుంచి వచ్చింది, ట్యూబు లోపలి కట్టుబడిని బట్టి పెట్టినది. రెండో ప్రపంచ యుద్ధం నాటి పరికరాలు తామే ఇన్‌ఫ్రారెడ్ దీపం వేసుకుని చూసేవి. వాటిని జీరో జనరేషన్ అంటారు. 1960ల్లో వియత్నాంలో అమెరికా సైనికులు వాడిన పీవీఎస్-2 స్టార్‌లైట్ స్కోపు ఫస్ట్ జనరేషన్‌ది. అందులో మూడు ట్యూబులు ఒకదాని వెనక ఒకటి పేర్చి ఉండేవి. 1970ల్లో మైక్రోచానల్ ప్లేట్ వచ్చింది. లక్షల సన్నని రంధ్రాలున్న ఒక గాజు బిళ్ల ఇది. ఒక్కో ఎలక్ట్రాను ఆ రంధ్రంలో గోడలకు తగులుతూ పోతే వెనక నుంచి వేలు బయటికి వస్తాయి. అది ఉంటే సెకండ్ జనరేషన్. ఆ తర్వాత గాలియం ఆర్సెనైడ్ పూత వచ్చింది, అది ఉంటే థర్డ్. కాబట్టి ఆ అంకె చెప్పేది లోపల ఏ పదార్థం ఉంది, ఏ పద్ధతిలో కట్టారు అన్నంత వరకే. యూరప్‌లోని ఫోటోనిస్ సంస్థ ఆ గాలియం దారి పట్టకుండా సెకండ్ జనరేషన్ కట్టుబడినే మెరుగుపరుస్తూ పోయి, థర్డ్‌తో పోటీ పడే ట్యూబులు చేసింది. మన దేశానికి కూడా ఎక్స్‌డీ-4 అనే ఆ రకం ట్యూబుల పరిజ్ఞానం అక్కడి నుంచే వచ్చింది. పుణెలో భారత్ ఎలక్ట్రానిక్స్ అనుబంధ కర్మాగారంలో వాటిని తయారు చేశారు. అంకె పెద్దదైతే చూపు పెద్దది అన్నదే నిజమైతే ఒక దేశపు సైన్యం సెకండ్ జాతి ట్యూబుతో సరిహద్దు కాపలా కాయదు కదా. మంచి స్థితిలో ఉన్న సెకండ్ ట్యూబు, చచ్చిపోతున్న థర్డ్ ట్యూబు పక్కపక్కన పెడితే పోటీయే ఉండదు. పైగా అంగడి భాషలో ఈ అంకెలకు తోకలు మొలుస్తాయి. వన్ ప్లస్, సూపర్, టూ ఈక్వివలెంట్ లాంటివి. ఇవి ఏ సైన్యం పెట్టిన కొలతలూ కావు, అమ్మకందారులు పెట్టుకున్న పేర్లు.

అంకెను నమ్మినవాళ్లు తర్వాత పట్టుకునే ఆధారం పరికరం మీద అతికించిన రేకు. నాటో దేశాల సరుకు అయితే ఆ రేకు మీద పదమూడు అంకెల స్టాక్ నంబరు ఉంటుంది. మొదటి నాలుగు 5855 అయితే అది నైట్ విజన్ తరగతికి చెందిన వస్తువే. గుర్తింపుకు ఇది పనికొచ్చే ఆధారమే, కాదనను. అయితే రేకు చెప్పేది డొక్క గురించి, ట్యూబు గురించి కాదు. అమెరికా పీవీఎస్-4 స్కోపు మొదట సెకండ్ ట్యూబుతో వచ్చింది, తర్వాత అదే డొక్కలో థర్డ్ కూడా పెట్టారు. పీవీఎస్-7 కళ్లద్దాల డొక్కలో రెండు రకాలూ దొరుకుతాయి. లోపలి ట్యూబు తీసి పాతది పెట్టి అమ్మినా పైనున్న రేకు మారదు. రష్యా సరుకు విషయంలో ఇంకో భ్రమ ఉంది. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక నోవోసిబిర్స్క్, క్రాస్నోగోర్స్క్ కర్మాగారాల నుంచి, బెలారస్‌లోని యూకాన్ నుంచి ఫస్ట్ జనరేషన్ పరికరాలు ప్రపంచమంతా తక్కువ ధరకు చేరాయి. వాటిలో చాలా భాగం వేటగాళ్ల కోసం, సరదాగా వాడుకునేవాళ్ల కోసం చేసినవి. నల్లటి బరువైన డొక్క, రష్యన్ అక్షరాలు ఉన్నంత మాత్రాన అది ఏ సైనికుడి చేతిలోంచో వచ్చిందని అనుకోవద్దు. ఒకవేళ నిజంగానే సైన్యంలో వాడినది అయితే? అప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సైన్యం ఒక పరికరాన్ని వదిలించుకుందంటే, అందుకు ట్యూబు అరిగిపోవడం ఒక పెద్ద కారణం. డొక్క దెబ్బలు తట్టుకున్నదన్న మాట నిజమే, చూపు తట్టుకున్నదా అన్నదే మన ప్రశ్న.

ఇప్పుడు సిద్దిపేట చీకటి గురించి మాట్లాడాలి, ఎందుకంటే ప్రచారపు కాగితాల్లో రాసే దూరాలు ఈ చీకటిలో కొలిచినవి కావు. నిండు పున్నమి వెన్నెల లక్సులో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఉంటుంది. చంద్రుడు లేని తేట ఆకాశంలో నక్షత్రాల వెలుతురు లక్సులో వెయ్యో వంతు. మబ్బు కమ్మితే అది పదివేలో వంతుకు పడిపోతుంది. జూన్‌లో విత్తిన మక్క పాలకంకికి వచ్చేది ఆగస్టు, సెప్టెంబరులలో. అంటే మనకు దుర్భిణి అవసరమయ్యే రోజులే ఏడాదిలో మబ్బు రాత్రులు. మూడు ట్యూబులు పేర్చిన పాత సైనిక స్కోపు సంగతి వేరు గానీ, అంగడిలో ఎక్కువగా తిరిగే ఒంటి ట్యూబు ఫస్ట్ జనరేషన్‌ది ఆ చీకట్లో తనంతట తాను ఏమీ చూపలేదు. అది చూపేదంతా దాని నెత్తిన ఉన్న ఇన్‌ఫ్రారెడ్ లైటు వెలుగులోనే. అమ్మేవాడు గది తలుపు మూసి, ఆ లైటు వేసి చేతికి ఇస్తే గోడ మీది క్యాలెండరు అంకెలు కూడా కనబడతాయి. కొనేవాడు అబ్బురపడి డబ్బు తీస్తాడు. నిజానికి అతను పరీక్షించింది ట్యూబును కాదు, ఒక చిన్న టార్చిలైటును. అదే పరికరం వంద గజాల అవతల మొక్కల నీడలో కదిలే నల్లటి పంది మీద పెడితే ఆకుపచ్చ మసక తప్ప ఏమీ ఉండదు. లైటు పెద్దది కొని తగిలిద్దామంటే అదీ అన్నిసార్లూ కుదరదు. బయట దొరికే ఇన్‌ఫ్రారెడ్ టార్చీలలో 940 నానోమీటర్లవి పూర్తిగా కంటికి కనబడనివని గొప్పగా చెబుతారు. పాత ఫస్ట్ జనరేషన్ పూతకు ఆ వెలుగు దాదాపు సోకదు. 850 నానోమీటర్లది కొంత పనిచేస్తుంది, కానీ దాని ముఖాన సన్నని ఎర్ర మెరుపు ఉంటుంది.

అందుకే పరీక్ష ఆ లైటు ఆపి మొదలుపెట్టాలి. ముందు చీకటి గదిలో ముందరి మూత తీయకుండా పరికరం ఆన్ చేసి, కన్ను చీకటికి అలవాటు పడేదాకా ఐదారు నిమిషాలు ఆగి, తెరను చూడండి. తెర మీద సన్నని ఆకుపచ్చ నురగలాంటి కదలిక సమానంగా పరుచుకుని ఉంటే అది మామూలే. అందులో ఒకచోట కదలకుండా వెలిగే చుక్క ఉందా? వెలుతురు ఏమీ లోపలికి పోకపోయినా వెలుగుతున్నదంటే అది ట్యూబు లోపలి జబ్బు. ఇప్పుడు మూత తీసి, సందులోంచి రవ్వంత వెలుతురు వచ్చే గదిలో తెల్ల గోడను చూడండి. నల్ల మచ్చలు కనబడితే కంగారు పడకుండా ముందరి లెన్సును, ఆ తర్వాత కంటి అద్దాన్ని మెల్లగా తిప్పండి. మచ్చ తిరిగితే అది అద్దం మీది దుమ్మో, వానాకాలం పట్టిన బూజో. తుడిస్తే పోయేది కావచ్చు. మచ్చ కదలకుండా అక్కడే ఉంటే అది ట్యూబులోది, ఎవరూ తీయలేరు. నడి తెరలో కాక పక్కన ఒకటి రెండు చిన్న మచ్చలుంటే చేను కావలికి ఫరవాలేదు. కానీ తెర అంచున నెలవంకలా చీకటి ఆక్రమిస్తుంటే ఆ ట్యూబు ఆఖరి దశకు వచ్చినట్టే. ఇవాళ అంచున ఉన్నది మెల్లగా నడిమికి పాకుతుంది. గోడ మీద తిన్నగా ఉన్న తలుపు చట్టం తెర అంచున విల్లులా వంగి కనబడితే అది ఫస్ట్ జనరేషన్ లక్షణం, రేకు మీద ఏమి రాసి ఉన్నా సరే. చివరగా స్విచ్ ఆపి చూడండి. ఫస్ట్ జనరేషన్‌ది అయితే తెర వెంటనే ఆరదు, లోపల నిలిచిన కరెంటు తరిగేదాకా మెల్లగా మసకబారుతూ ఉంటుంది. మైక్రోచానల్ ప్లేట్ ఉన్నది చప్పున ఆరిపోతుంది. సన్నని కీచుమనే చప్పుడు వింటే కూడా అది పాత తరపు అధిక వోల్టేజి పెట్టె అనుకోవచ్చు. జనరేషన్ గుర్తుపట్టడానికి ఏ కాగితమూ అక్కర్లేదు, ఈ ఆరిపోయే తీరు, ఆ వంగిన తలుపు చట్టం చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు. పగటి వెలుగులో మూత తీసి పరీక్షించమని ఎవరు చెప్పినా వినొద్దు. చాలా వాటి మూతకు ఉండే సూదిబెజ్జం పగటి పరీక్ష కోసమే.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, ఇదంతా ప్రయోగశాల చేసే పని, మామూలు రైతుకు ఎక్కడ కుదురుతుంది అని. పైన చెప్పిన దాంట్లో చీకటి గది, తెల్ల గోడ, ఓపిక తప్ప వేరే సామాను లేదు. బోరు మోటారు కొనేటప్పుడు వైండింగు కాలిందా లేదా అని వాసన చూసి చెప్పగల రైతుకు ఇది కష్టమనడం రైతును తక్కువ చేయడమే. రెండోది బలమైన అభ్యంతరం: ఎంత అరిగినా ట్యూబు ట్యూబే, డిజిటల్ దాని ముందు ఎక్కడ ఆగుతుంది అన్నది. ఇందులో సగం నిజం ఉంది. ఆరోగ్యంగా ఉన్న సెకండ్ లేక థర్డ్ ట్యూబు నక్షత్రాల వెలుతురులో ఏ లైటూ లేకుండా చూపే చూపును చవక డిజిటల్ పరికరం చూపలేదు. బ్యాటరీ కూడా చాలా తక్కువ తింటుంది. కానీ పోలిక ఆరోగ్యంగా ఉన్న ట్యూబుతో కాదు. మన ధరకు దొరికేది ఒంటి ఫస్ట్ ట్యూబు, లేదా చివరి దశలో ఉన్న సెకండ్. అది కూడా ఇన్‌ఫ్రారెడ్ లైటు మీదే బతుకుతుంది, డిజిటల్‌దీ లైటు మీదే బతుకుతుంది. ఇద్దరికీ కర్ర కావలసినప్పుడు ఎవరి కాళ్లు గట్టివన్న వాదన దేనికి? డిజిటల్‌కు పగటి వెలుగు తగిలితే పాడవదు, 850 వెలుగును బాగా పట్టుకుంటుంది, పెద్ద గ్యారంటీ లేకున్నా కొత్తదిగా వస్తుంది. మంచె మీద నుంచి అరవై డెబ్బై గజాల కావలికి అది చాలు. ఒంటి వేడిని పట్టే థర్మల్ పరికరం పందిని వెతకడానికి ఈ రెండింటికన్నా మేలు, ధర మాత్రం ఎక్కువ. గుబురు ఆకుల వెనక నక్కినదాన్ని అదీ చూపలేదు.

మూడో అభ్యంతరం ధర గురించి: తక్కువకే వస్తున్నది కదా, పాడైతే బాగు చేయించుకుందాం అని. ఈ పరికరంలో ఖరీదంతా ట్యూబులోనే ఉంటుంది. అది సీలు వేసిన వస్తువు, విప్పి బాగుచేసేది కాదు. మార్చాలంటే పరికరం మొత్తం కొన్నంత అవుతుంది. ఇక పాత అమెరికా పరికరాలు కొన్ని ఇప్పుడు తయారవని మెర్క్యూరీ బ్యాటరీలతో నడిచేవి. మామూలు పెన్సిల్ సెల్లు పట్టే మార్పిడి గొట్టం కూడా ఇస్తేనే వాటిని ముట్టుకోవాలి. నాలుగింతలు, ఐదింతలు దగ్గరికి చూపుతుందని చెప్పే మాటకూ పడిపోవద్దు. దగ్గర పెరిగేకొద్దీ చూపు వెడల్పు తగ్గుతుంది, చెయ్యి వణుకు పెరుగుతుంది. చేను మొత్తం తడిమి చూడాల్సిన కావలికి ఒక ఇంత, రెండింతలదే అనువు.

మిలిటరీ మాట మీద ఇంకో హెచ్చరిక తప్పదు, ఇది చూపుకు సంబంధించింది కాదు, చట్టానికి సంబంధించింది. మన తెలుగు నేల మీద ఈ పరికరాలు తయారయ్యే చోటు మచిలీపట్నం. 1926లో మొదలైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది, రాత్రి చూపు పరికరాలు అక్కడి ముఖ్య ఉత్పత్తి అయ్యాయి. 2025లో కృష్ణా జిల్లా నిమ్మలూరులో ఇందుకోసమే కొత్త కర్మాగారం వచ్చింది. అవి బలగాల కోసం చేసేవి. అలాంటి ప్రభుత్వ ముద్ర ఉన్నది ఎవరైనా సంతలో చూపితే అది గొప్ప కాదు, దొంగసొత్తు అనే అనుమానం. అమెరికా థర్డ్ జనరేషన్ విషయంలోనూ అంతే. ఆ పరిజ్ఞానాన్ని అనుమతి లేకుండా దేశం దాటించినందుకు 2007లో ఐటీటీ అనే పెద్ద సంస్థే నేరం ఒప్పుకుని 10 కోట్ల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. అంత కట్టడి ఉన్న వస్తువు బిల్లు లేకుండా మన చేతికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు అమ్మేవాడి దగ్గర జవాబు ఉండాలి. జవాబు ఉండదు, ఎందుకంటే చాలాసార్లు అది థర్డ్ కాదు, లేదా సక్రమంగా వచ్చింది కాదు. దుర్భిణిని తుపాకీకి బిగించి పందిని కొడదామనే ఆలోచన అసలు వద్దు. అడవి పంది ఈ రోజుకూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోని జంతువే. చట్టప్రకారం అనుమతి లేకుండా చంపడం నేరం. చేను కాపాడుకోవడానికి కావలసింది పంది చేనులోకి దిగకముందే దాన్ని చూడడం, అంతే.

సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది, ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, ప్రతి క్లస్టరుకూ రైతు వేదిక ఉంది. మక్కకు కంకి పట్టకముందే ఒక్కో రైతు వేదికలో కిటికీలు మూసిన ఒక గది, ఒక తెల్ల గోడ, పరీక్ష తెలిసిన ఒక మనిషి ఒక్క సాయంత్రం అందుబాటులో ఉంటే, రైతు కొనబోయే పాత దుర్భిణిని పైకం ఇవ్వకముందే చూపించుకోగలడు. ఆ ఏర్పాటు వచ్చేదాకా కొనేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. పరీక్షించుకోవడానికి ఒక అమావాస్య రాత్రి ఇవ్వమని అమ్మేవాణ్ని అడగండి. ఆ రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైటు ఆపి, మీ చేను గట్టు మీద నిలబడి, అవతలి గట్టు మీద నడిచే మనిషిని అందులోంచి చూడండి. కనబడితే బేరం ఆడండి. ఆ ఒక్క రాత్రికి ఒప్పుకోనివాడి దగ్గర ఏ ముద్ర ఉన్నదైనా కొనకండి.